వెనక సీటు కింది బరువు

శనివారం పొద్దున తెల్ల చొక్కా ఇస్త్రీ చేయడం ఓర్లీనాకు అలవాటైపోయింది. అది కొడుకు రాయ్స్ రేసుకు తొడుక్కునే చొక్కా కాదు. జరగరానిది జరిగితే, శవపేటికలో పడుకోబెట్టేటప్పుడు తొడగాల్సిన చొక్కా. మడత నలగకుండా దాన్ని చేతిసంచి అడుగున పెట్టి, పైన గాయాలకు రాసే టర్పెంటైను సీసా, పాత దుప్పటి చింపిన పేలికలు, నాలుగు ఉడికించిన గుడ్లు సర్దుకునేది. చావొచ్చినా రాకపోయినా ఆకలైతే వేస్తుంది కదా.

ఆమె భయానికి ఆధారం లేకపోలేదు. భర్త ఏమాస్ ఇరవై ఏళ్ళపాటు దీపాలార్పేసిన కారులో, వెనక పోలీసుల్ని తగిలించుకుని, ఉత్తర కరొలైనా కొండ మలుపుల్లో దొంగసారా తోలాడు. ఒంటిమీద గీత పడలేదు. చివరికి పశ్చాత్తాపం కలిగి, చర్చి కప్పుకు రేకు కొడదామని ఎక్కి, జారిపడి పోయాడు. అప్పట్నుంచి ఓర్లీనాకు దేవుడి మీద నమ్మకం పోలేదు గానీ, నిచ్చెనల మీద, మెట్ల మీద, ఆఖరికి నేల మీద కూడా నమ్మకం పోయింది.

తండ్రి పోయాక రాయ్స్ చేత సారా తోలడం మాన్పించింది. వాడు బుద్ధిగా నేరం మానేసి, చట్టం ఒప్పుకున్న రేసుల్లో చేరాడు. నేరం చేసినన్నాళ్ళూ చెక్కుచెదరని పిల్లాడు, చట్టబద్ధంగా అయిదు రేసులాడి రెండుసార్లు కంచెలోకి దూసుకుపోయాడు, రెండుసార్లు అనర్హుడనిపించుకున్నాడు, ఒకసారి రెండూ అయ్యాడు. ఆ అయిదోసారి కారు బోర్లా పడటంతో, కింద ఏమేం మార్చారో పరీక్ష అక్కర్లేకుండానే జిల్లా అంతా చూసేసింది.

మార్చింది వాడి బాబాయి ఫెల్టన్. ఏమాస్ తమ్ముడు. రేసుల వాళ్ళ నిబంధన ఒక్కటే: కారు కొట్లో అమ్మినప్పుడు ఎలా ఉందో పోటీలోనూ అలాగే ఉండాలి. ఇంజను తాకకూడదు, స్ప్రింగులు తాకకూడదు, బరువు తగ్గుతుందని వెనక సీటు పీకేయకూడదు. ఈ మాట ఫెల్టన్‌కు ఎంత చెప్పినా తలకెక్కేది కాదు. కొట్లో కొన్న కారును కొన్నట్టే వాడిన మొగాడు వాళ్ళ వంశంలో ఇంతవరకూ పుట్టలేదు. ఆకురాయి చేతికి దొరికితే చాలు, ఇంజనులో ఏదో ఒకటి అరగదీయకుండా ఉండలేడు. అరగదీసి, తుడిచి, అమాయకంగా మొహం పెట్టేవాడు. పరీక్ష చేసే డాకరీ గారు ఆ మొహం చూసే సగం తీర్పు రాసేసేవాడు.

డాకరీ గారు మామూలు రోజుల్లో ఎరువుల బస్తాల తూకాలు తనిఖీ చేసే ఉద్యోగి, ఆదివారం చర్చిలో పెద్ద, శనివారం బ్రషీ ఫోర్క్ రేసు మైదానంలో సాక్షాత్తూ ధర్మరాజు. ఆయన దగ్గర నిబంధనల కాగితం ఒకటుండేది. అందులో లేని తప్పు ఎవరైనా చేస్తే, చేసిన తర్వాత రాసుకునేవాడు. వర్షం ముందొచ్చి మబ్బు తర్వాత పట్టినట్టు. రేసు చూడటానికి వచ్చే జనం సగమైతే, రేసయ్యాక డాకరీ గారి పరీక్షా, ఆ తర్వాతి తిట్లూ చూడటానికి వచ్చేవాళ్ళు మిగతా సగం. రెండో సగమే ఎక్కువ ఆనందించి వెళ్ళేవాళ్ళు.

వీటన్నిటి మధ్యా ఓర్లీనాకు మిగిలిన ఆశ ఒకే ఒక్కటి. కారు బోర్లా పడ్డ మర్నాడు రాయ్స్‌ను తండ్రి సమాధి దగ్గరికి తీసుకెళ్ళి ఒట్టు వేయించుకుంది. ఒక్కసారి, ఒక్కటంటే ఒక్కసారి ముందుగా గీత దాటితే, ఇంక జన్మలో రేసు జోలికి పోనని వాడు ఒట్టేశాడు. వేసేటప్పుడు మాత్రం సంతోషంగా వేశాడు. తర్వాత ఇంటికొచ్చి ఆలోచిస్తే ఆమెకు గుండె జారింది. వీడు గెలిచేదెప్పుడు, మానేదెప్పుడు. కోడికి పళ్ళు వచ్చాక మాంసం తింటానన్నట్టుంది వ్యవహారం.

ఇక గెలుపు మీద ఆశ వదిలేసి, కనీసం ప్రాణం దక్కే ఉపాయం ఆలోచించింది. ఆమె చదివింది మూడో తరగతి. కానీ పుట్టింట కంచరగాడిదల్ని తోలింది. బరువేసిన కంచరగాడిద పరిగెత్తదు. కొడితే కొట్టించుకుంటుంది, తిడితే చెవులు వాలుస్తుంది, పరుగు మాత్రం ఎత్తదు. కారు మాత్రం దానికన్నా గొప్పదా?

శనివారం పొద్దున రాయ్స్, ఫెల్టన్ పెట్రోలు డబ్బాల కోసం ఊళ్ళోకి వెళ్ళగానే ఓర్లీనా నేలమాళిగలోకి దిగింది. ఆ వేసవంతా పొయ్యి ముందు చెమటలు కక్కుతూ పంచదార పాకంలో వేసి, గాజు జాడీల్లో మూతలు బిగించిన పీచ్ పళ్ళు అక్కడ అరల నిండా ఉన్నాయి. ఒక్కో జాడీనీ బొంతముక్కలో చుట్టి, చంటిపిల్లను ఎత్తుకొచ్చినట్టు ఎత్తుకొచ్చి, నల్ల కారు వెనక సీటు పైకెత్తి కింద పేర్చింది. సీటు కింద నిండాక డిక్కీలో పేర్చింది. పీచ్ జాడీలు అయిపోయాక చిక్కుడు జాడీలు, అవి అయ్యాక టమాటాలు. చలికాలం తిండి మొత్తం ఆ కారెక్కింది. కొడుకు బతికుంటే పస్తులుండొచ్చు అనుకుంది. పైన సీటు సర్ది, దాని మీద తనే కూర్చుంది, కోడి గుడ్ల మీద కూర్చున్నట్టు.

మగవాళ్ళు తిరిగొచ్చారు. కారు వెనకభాగం జానెడు కిందికి దిగి ఉంది. రాయ్స్ చూశాడు. ఫెల్టన్ చూశాడు. ఇద్దరూ ఒకరి మొహం ఒకరు చూసుకోకుండా ఎక్కి కూర్చున్నారు.

ఇక్కడ ఆ కొండల మర్యాద ఒకటుంది. ఏ ఇంట్లోనైనా సరే, వెనక సీటు కింద ఏముందని మనిషన్నవాడు అడగడు. తెలియని మాటను ప్రమాణం చేయించినా కోర్టులో చెప్పలేం కదా. ఏమాస్ ఇంట్లో అయితే ఆ మర్యాద బైబిలు తర్వాత బైబిలు. బాబాయి మళ్ళీ సారా మొదలుపెట్టాడు, దారిలో ఎక్కడో దింపుతాడు కాబోలు అనుకున్నాడు రాయ్స్. పాపం పిల్లాడికి చేతి ఖర్చు కరువై పాత వ్యాపారం ఎత్తుకున్నాడు, వదిన ముందు అడిగితే ఏం బాగుంటుంది అనుకున్నాడు ఫెల్టన్. దారిలో గతుకు వచ్చినప్పుడల్లా సీటు కింద సన్నగా గాజు చప్పుడయ్యేది. వెంటనే ఓర్లీనా దగ్గేది. ఆమె దగ్గగానే ఫెల్టన్ దగ్గేవాడు, రాయ్స్ ఈల వేసేవాడు. ముగ్గురూ అలా దగ్గుతూ ఈలలేస్తూ, ఆమె తన రహస్యాన్నీ, మగవాళ్ళు పక్కవాళ్ళ రహస్యాన్నీ కాపాడుకుంటూ బ్రషీ ఫోర్క్ చేరారు.

మైదానం అంటే మైదానం కాదు, నిన్నటిదాకా ఆవుల బీడు. ఎర్రమట్టిని గుండ్రంగా చెక్కి, చుట్టూ పలకల కంచె కట్టి, పక్కనున్న గడ్డివాముల కొట్టానికి 'పరీక్షా స్థలం' అని రాసిపెట్టారు. ఓర్లీనా పలకల మెట్ల మీద మూడో వరసలో కూర్చుంది. మొదటి వరసైతే చక్రం ఊడి మీద పడుతుంది, పైవరసైతే మెట్లే కూలతాయి. పక్కన ఒక నడివయసు మనిషి కాగితం పొట్లం విప్పుకుని కోడి వేపుడు తింటున్నాడు. పేరు స్ప్రింకిల్ అనీ, అవతలి కొండ మీద గ్రానైటు క్వారీకి పెద్దననీ తనే చెప్పుకున్నాడు. ఎడమచేతికి రెండు వేళ్ళు లేవు. ఆమె చూపు వాటి మీద పడటం గమనించి, చాలా రోజుల కిందటి సంగతిలెండి అన్నాడు. ఓర్లీనాకు ఆ రోజుకు అదొక శకునం చాలు. సంచిలో చెయ్యి పెట్టి చొక్కా ఉందో లేదో తడిమి చూసుకుంది.

జెండా ఊగింది. ఎర్రదుమ్ము లేచింది. ఆడవాళ్ళ టోపీలు, మగవాళ్ళ కోడి వేపుళ్ళు అన్నీ ఒకే రంగయ్యాయి. ఓర్లీనా కళ్ళు మూసుకుని ప్రార్థించింది: ప్రభువా, వీణ్ణి ఆఖరికి వచ్చేట్టు చెయ్యి. మరీ ఆఖరంటే నామోషీ అనుకుంటే, ఆఖరి నుంచి రెండో స్థానమైనా సరే.

కళ్ళు తెరిచేసరికి రాయ్స్ ముగ్గుర్ని దాటాడు.

ఎప్పుడూ వాడి దిగులు మూడో మలుపు. అక్కడ కారు తోక గాలిలో గుడ్డపేలికలా కొట్టుకుని, వాణ్ణి తీసుకెళ్ళి కంచెకు అప్పజెప్పేది. మిగతా డ్రైవర్లందరికీ ఖాళీ కారు తోలడం వచ్చు. రాయ్స్‌కు రాదు. పద్నాలుగో ఏట నుంచి వాడు తోలింది సారా జాడీలతో కిక్కిరిసిన కార్లనే. ఖాళీ కారు వాడి చేతికి ఎప్పుడూ పరాయిదే. ఈవేళ వెనక ఆ పాత బరువు, చేతులకు తెలిసిన బరువు, నడుముకు ఆనింది. నిండుకుండ తొణకదంటారు. వంద జాడీలు నిండుగా పెట్టుకున్న కారు మూడో మలుపులో తొణకలేదు, బెణకలేదు. నూలు పట్టి గీసినట్టు లోపలి అంచు పట్టుకుని తిరిగింది.

స్ప్రింకిల్ కోడికాలు నోటిదాకా తెచ్చి ఆపేశాడు.

"ఏమండీ, మీ అబ్బాయి బండి తోక ఈవేళ అస్సలు ఊగట్లేదే. వెనక ఏం చేశారేమిటి?"

"మా ఇంట్లో వెనక సంగతి అడగరండీ," అంది ఓర్లీనా. 

చుట్టు చుట్టుకూ ఆమె గుండె ఒక మెట్టు పైకెక్కుతోంది. బరువేసిన కంచరగాడిద గుర్రాలన్నిటినీ దాటి పోతోంది. చివరికి ముందు ఒక్కడే మిగిలాడు: గార్విన్ టీగ్, పోయినేడు అన్ని రేసులూ గెలిచినవాడు, గెలిచిన ప్రతిసారీ డాకరీ గారికి సిగార్ ఇచ్చేవాడు. ఆఖరి మలుపులో టీగ్ కారు జారి పక్కకు ఒరిగింది. రాయ్స్ లోపలి వైపు నుంచి దూరి గీత దాటాడు.

జనం లేచారు. ఓర్లీనా లేవలేదు. వీడు ఇంత వేగంగా పోయాడే, నా తెలివి తగలెయ్య అని ముందు ఏడుపొచ్చింది. తర్వాత ఒట్టు గుర్తొచ్చింది. గెలిచాడు. ముందుగా గీత దాటాడు. ఇంక రేసు లేదు, కంచె లేదు, దుమ్ము లేదు. సంచిలోంచి ఒక గుడ్డు తీసి వలిచి తినేసింది. రేసు మైదానంలో ఆమె ఏమైనా తినడం అదే మొదటిసారి. రెండో గుడ్డు స్ప్రింకిల్‌కు ఇచ్చింది.

ఆ ఆనందం గుడ్డు అరిగేదాకా కూడా నిలవలేదు.

మొదట వచ్చిన కార్లను కొట్టంలోకి తోలించారు. జనం గుమ్మం దగ్గర ఒకళ్ళ మీద ఒకళ్ళు పడ్డారు. డాకరీ గారు కోటు విప్పి, మడిచి, గడ్డి మీద పెట్టి, రాయ్స్ కారు ఇంజను తెరిచాడు. కొలబద్ద పెట్టాడు, తడిమాడు, వాసన చూశాడు. ఏమీ దొరకలేదు. మొహం వాడిపోయింది. ఫెల్టన్ వైపు అనుమానంగా చూశాడు. ఫెల్టన్ ఆ వారం ఆకురాయి పోగొట్టుకున్నాడు. దాన్ని పిండిడబ్బాలో పారేసింది ఎవరో ఓర్లీనాకు తెలుసు. జీవితంలో మొదటిసారి అతని మొహంలో అమాయకత్వం నిజంగా ఉంది. అది ఎవరూ నమ్మలేదు.

అప్పుడు గార్విన్ టీగ్ కారు వెనక్కి వెళ్ళి నిలబడ్డాడు.

"డాకరీ గారూ, ఇంజను సంగతి సరే. ఈ కారు వెనక చూడండి. కడుపుతో ఉన్న పందిలా లేదూ? సీటెత్తించండి."

 ఆ జిల్లాలో నలుగురి మధ్య ఒకడి కారు వెనక సీటు ఎత్తించమనడమంటే, తలుపు తోసుకుని పడకగదిలోకి పోవడం లాంటిది. టీగ్ తాత కూడా సారా కాచినవాడే. గెలుపు పోయేసరికి పెంపకం మర్చిపోయాడు. డాకరీ గారు సీటెత్తాడు.

గాజు మెరిసింది.

మగవాళ్ళందరూ, ఎందుకో తెలియదు, టోపీలు తీశారు. గుమ్మం దగ్గర నిలబడి వేరుసెనక్కాయలు ఒలుచుకుంటున్న షెరీఫు మనిషి కాయలు జేబులో వేసుకుని ముందుకొచ్చాడు. ఎవరివి ఇవి అన్నాడు. రాయ్స్ బాబాయి వంక చూశాడు. ఫెల్టన్ అబ్బాయి వంక చూశాడు.

"నావే," అన్నాడు రాయ్స్.

"వాడి మొహం, వాడికేం తెలుసు. నావి," అన్నాడు ఫెల్టన్.

"ఊరుకో బాబాయ్. నేను కాదంటున్నానా."

"నువ్వే ఊరుకోరా. పెళ్ళి కావాల్సినవాడివి. నాకు జైలు కొత్తా ఏమిటి?"

ఒకరి కోసం ఒకరు జైలుకు పోటీ పడుతుంటే, చూసేవాళ్ళకు కళ్ళు చెమర్చాయి. ఆ సమయంలో ఓర్లీనా జనాన్ని మోచేతులతో నెట్టుకుంటూ వచ్చింది.

"ఇద్దరూ నోళ్ళు మూయండి. అవి పీచ్ పళ్ళు. నావి."

షెరీఫు మనిషి నమ్మలేదు. ఒక జాడీ బొంతముక్క విప్పి, మూత తిప్పి, కళ్ళు సగం మూసి, ఆశగా ఒక గుక్క వేశాడు. తర్వాత అతని మొహంలో కనిపించిన దుఃఖం ఏమాస్ చనిపోయినప్పుడు కూడా ఎవరి మొహంలోనూ కనిపించలేదు. పాకమే, అన్నాడు. బాగుంది, అని కూడా అన్నాడు, న్యాయంగా.

నేరం కాదని తేలేసరికి షెరీఫుకు పని తప్పింది, డాకరీ గారికి పని పడింది. కాగితం తీశాడు. బరువు కలిపి లాభం పొందరాదని ఎక్కడైనా ఉందా అని వెతికాడు. లేదు. పెన్సిలు తడిచేసుకున్నాడు. రాసే ముందు, పెద్దమనిషి కాబట్టి, ఒక ప్రశ్న అడిగాడు.

"అమ్మగారూ, ఈ బరువు కారులో ఎందుకు పెట్టినట్టు?"

 ఊరికే మార్కెట్టుకు తీసుకెళ్తున్నా అనొచ్చు. మర్చిపోయా అనొచ్చు. ఎదురుగా రాయ్స్ నిలబడి ఉన్నాడు, మొహమంతా ఎర్రమట్టి, కళ్ళ చుట్టూ మాత్రం తెల్లగా. అబద్ధమాడితే దేవుడు వాణ్ణే పట్టుకుంటాడేమోనని భయం వేసింది. ఆమె నిజాయితీ కూడా భయంలోంచి పుట్టిందే.

"వీడు మెల్లగా పోవాలని," అంది. "ఓడిపోవాలని పెట్టానయ్యా. బరువేస్తే కారు పరిగెత్తదనుకున్నా."

ఎవరో నవ్వారు. తర్వాత కొట్టమంతా నవ్వింది. రాయ్స్ నవ్వలేదు. చేతిలో ఉన్న టోపీని అటూ ఇటూ తిప్పి చూసుకున్నాడు, అది ఎవరిదో గుర్తు రానట్టు.

డాకరీ గారికి మాత్రం ఇది నవ్వులాట కాలేదు. లాభం కోసం బరువు పెడితే తప్పు. మరి నష్టం కోసం పెట్టిన బరువు లాభం తెస్తే? కాగితం తిప్పి వెనక చూశాడు. వెనకంతా తెల్లగా ఉంది. ఆయన ఆలోచనలో పడటం చూసి ఓర్లీనాకు ధైర్యం వచ్చింది. ఈ గెలుపు పోతే వచ్చే శనివారం మళ్ళీ చొక్కా ఇస్త్రీ చేయాలి. ఆ చొక్కా కోసం ఆమె డాకరీ గారితోనే కాదు, స్వర్గం తలుపు దగ్గర పేతురుతోనైనా వాదిస్తుంది.

"మీ నిబంధన ఏమిటయ్యా? కొట్లో అమ్మినట్టే కారు ఉండాలనే కదా. ఇంజను తాకలేదు, స్ప్రింగులు తాకలేదు, సీటు పీకలేదు. కారు కొన్నవాళ్ళు అందులో తినే సరుకు వేసుకోరా? మీ ఆవిడ వేసుకోదా? మొన్న శుక్రవారం మీ కారులో పుచ్చకాయలు నేను చూశాను. అప్పుడు మీ కారు కొట్లో కొన్న కారు కాకుండా పోయిందా?"

జనం భేష్ అన్నారు. ఎవరో పుచ్చకాయలూ పుచ్చకాయలూ అని అందుకున్నారు. డాకరీ గారు జాడీ చేతిలోకి తీసుకున్నాడు. మూత తిప్పి చూశాడు, అడుగు తిప్పి చూశాడు.

"ఈ పళ్ళు ఎక్కడ జాడీల్లో పెట్టారమ్మా?"

"మా వంటింట్లో. ఇంకెక్కడ?"

"అదీ సంగతి," అన్నాడు డాకరీ గారు, గోదాములో దొంగ తూకం పట్టుకున్నప్పటి తృప్తితో. "ఫ్యాక్టరీలో పట్టిన డబ్బాలైతే ఆలోచించేవాణ్ణి. ఇది ఇంట్లో తయారైన సరుకు. ఇంట్లో తయారైనదేదీ కారులో ఉండకూడదు. అనర్హత."

పెన్సిలుతో కాగితం వెనక ఆ ముక్క రాసి, ఇందాకటి నుంచీ అక్కడే ఉన్నట్టు ఊది దుమ్ము దులిపాడు.

గెలుపు తనదేనని టీగ్ ఇంకా చేతులు పైకెత్తకముందే రాయ్స్ ముందుకొచ్చి, మరి ఈయన సీటు కూడా ఎత్తండి అన్నాడు. మర్యాద ఒకసారి చెడ్డాక ఇంకెవరికి కావాలి? టీగ్ కారులో సీటెత్తితే కింద ఏమీ లేదు, ఉండాల్సిన ఇనుప చట్రం కూడా. తేలిక కోసం కోసేశారు. మూడోవాడి ఇంజను మూడు కొట్లలో కొన్నది. నాలుగోవాడు పరీక్ష మాట వినగానే, పెళ్ళాం నొప్పులు పడుతోందని కారుతో సహా పారిపోయాడు. అతనికి పెళ్ళి కాలేదు. ఆఖరికి బహుమతి ఎనిమిదో స్థానంలో వచ్చిన ఒక బైబిళ్ళ వ్యాపారికి దక్కింది. ఆయన అద్దె కారుతో సరదాకి పాల్గొన్నాడు. చీకటి పడేలోపు కారు అప్పగించాలని అప్పటికే ఊరు దాటిపోయాడు. తను విజేతనని ఆయనకు ఇప్పటికీ తెలియదేమో.

ఈ గోలలో స్ప్రింకిల్ ఒక్కడే రాయ్స్ కారు దగ్గర మోకాళ్ళ మీద కూర్చుని, జాడీలన్నీ ఒక్కొక్కటే బయటికి తీసి, వెలుతురుకు ఎత్తి చూసి, మళ్ళీ జాగ్రత్తగా లోపల పెట్టాడు. తర్వాత రాయ్స్‌ను కొట్టం వెనక్కి తీసుకెళ్ళి ఏదో మాట్లాడాడు. వాళ్ళ మాటలు ఓర్లీనాకు వినపడలేదు. వినపడితే బాగుండేదేమో.

తిరుగు ప్రయాణంలో ఎవరూ దగ్గలేదు. దాచడానికి ఇంకేమీ లేదు. సాక్ష్యం కింద షెరీఫు మనిషి ఉంచుకున్న రెండు జాడీలూ, పరిశీలన కింద డాకరీ గారు తీసుకున్న మూడూ పోగా మిగతావి సీటు కింద గలగలమంటున్నాయి. వాగు వంతెన దాటాక రాయ్స్ నోరు విప్పాడు.

"నేను ఓడిపోవాలని పెట్టావు."

"బతకాలని పెట్టాను. రెండూ ఒకటేననుకున్నా."

"జిల్లా అంతా నవ్వింది."

"నవ్వనీరా. ఏడిస్తే నేను తట్టుకోలేను గానీ నవ్వితే నాకేం." ఆపైన అసలు మాటకొచ్చింది. "ఒట్టు తీరిపోయింది. ఇంక రేసులు లేవు."

"ఎలా తీరింది? గెలిస్తే అని వేశా. గెలవలేదన్నాడుగా ఆయన."

"గీత దాటేటప్పుడు నీ ముందు ఎవడైనా ఉన్నాడా?"

"లేడు."

"ఒట్టు ఎవరి మీద వేశావు? డాకరీ మీదా, మీ నాన్న సమాధి మీదా?"

ముందు సీట్లో ఫెల్టన్ కిటికీ వైపు తిరిగి నవ్వు దాచుకున్నాడు. అబ్బాయ్, ఈ పరీక్షలో మీ అమ్మ చేతికి దొరికావు, అనర్హతే అన్నాడు. రాయ్స్ ఒక మలుపు తిప్పాడు, బరువు తెలిసిన చేతులతో, మెత్తగా. వెనక ఒక్క జాడీ కదల్లేదు. ఆ మలుపు తర్వాతే చెప్పాడు. రేసుల్లోకి వెళ్ళనమ్మా అన్నాడు. ఖాళీ కారు తనకు చేతకాదని ఈవేళ తెలిసిపోయిందట. స్ప్రింకిల్ గారు క్వారీలో లారీ తోలే ఉద్యోగం ఇస్తానన్నాడట. సోమవారం నుంచి. చట్టబద్ధమైన పని, ఎవరూ వెంటపడరు, పరీక్షలుండవు.

ఓర్లీనాకు ఊపిరి తిరిగొచ్చింది. క్వారీ అంటే రాళ్ళు. రాళ్ళంటే బరువు. లారీ మెల్లగా పోక చస్తుందా? స్ప్రింకిల్ మనసు దేవుడు ఆ గుడ్డు తినేటప్పుడే కరిగించి ఉంటాడనుకుంది. ఆ రోజంతటిలో మొదటిసారి వెనక్కి వాలి కూర్చుంది.

సోమవారం పొద్దున రాయ్స్ లారీ తోలుకుంటూ ఇంటి మీదుగా వచ్చాడు. భోజనం డబ్బా మర్చిపోయాడు. ఓర్లీనా డబ్బా పట్టుకుని గుమ్మం దిగి వచ్చింది. లారీ రంగు కొత్తగా ఉంది. పక్కన పెద్ద ఎర్ర అక్షరాలున్నాయి. కూడబలుక్కుని చదవడం మొదలుపెట్టింది. మొదటి అక్షరం దగ్గరే రాయ్స్ కిటికీలోంచి తల బయట పెట్టాడు.

"అమ్మా, క్వారీ నుంచి వచ్చేవి రాళ్ళే. క్వారీకి వెళ్ళేవి మాత్రం అడక్కు."

ఆమె అడగలేదు. ఆ ఇంటి మర్యాద అలాంటిది. చదవడం మాత్రం ఆపలేదు. చివరి అక్షరం దాకా చదివాక, స్ప్రింకిల్ చేతికి లేని రెండు వేళ్ళు ఎక్కడికి పోయాయో తెలిసింది. వంద గాజు జాడీలతో నూరు చుట్లు తిరిగి ఒక్కదాన్నీ పగలగొట్టని కుర్రాణ్ణి ఆయన ఎందుకంత ఇష్టంగా చూశాడో కూడా తెలిసింది.

ఏడవలేదు, అరవలేదు. ఇంజను ఆపమని చెప్పి లోపలికెళ్ళి, ఇంట్లో ఉన్న బొంతలన్నీ, మంచం మీదివి కూడా, లాక్కొచ్చింది. లారీ వెనకెక్కి, డైనమైటు పెట్టెకూ పెట్టెకూ మధ్య ఒక్కోటీ కుక్కింది. పీచ్ జాడీలకు చుట్టిన చేతులే అవి, పద్ధతి తెలుసు. దిగి, బతుకు జీవుడా అంటూ పక్కకు జరిగింది.

"మెల్లగా పోరా," అంది.

"బరువుందిగా అమ్మా. బరువుంటే నేను బాగా పోతాను," అన్నాడు వాడు.

లారీ మలుపు తిరిగేదాకా చూసి ఓర్లీనా లోపలికొచ్చి పొయ్యి మీద ఇస్త్రీపెట్టె పెట్టింది. ఇంతకుముందు ఆ తెల్ల చొక్కాకు శనివారం ఒక్కరోజే పని. ఇప్పుడు వారానికి ఆరు రోజులు. ఆదివారం క్వారీకి సెలవు.